గాలికి తిరుగుదారి: సూపర్‌చార్జర్ ఇంజన్‌లో బైపాస్ మార్పులు

సూపర్‌చార్జర్ అంటే ఇంజన్ బలంతోనే తిరుగుతూ, తిరిగి ఆ ఇంజన్‌కే గాలిని దట్టించి అందించే పంపు. వాడుకలో దీన్ని బ్లోయర్ అని కూడా అంటారు. సాధారణంగా క్రాంక్‌షాఫ్ట్ నుంచి బెల్టు ద్వారా దానికి చలనం వస్తుంది. సిలిండర్లలోకి ఎక్కువ గాలి చేరితే ఎక్కువ పెట్రోలు మండుతుంది. చిన్న ఇంజన్ పెద్ద ఇంజన్‌లా లాగుతుంది. వాతావరణ ఒత్తిడికి మించి ఇంజన్ గాలి గొట్టాల్లో ఏర్పడే అదనపు ఒత్తిడినే బూస్ట్ అంటారు.

అయితే రోడ్డు మీద నడిచే కారుకు ఆ అదనపు గాలి అన్ని వేళలా అక్కర్లేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడూ, ఊరి వీధుల్లో మెల్లగా పోతున్నప్పుడూ, హైవే మీద ఒకే వేగంతో సాగుతున్నప్పుడూ ఇంజన్‌కు కావలసింది కొద్ది గాలే. బెల్టు మాత్రం ఆగదు, బ్లోయర్ తోడుతూనే ఉంటుంది. పొలంలో మోటారు ఆపే వీలు లేనప్పుడు, మడి నిండాక రైతు నీటిని తిరిగి బావిలోకే మళ్లిస్తాడు. కారులో ఆ పని చేసేదే బూస్ట్ బైపాస్. బ్లోయర్ బయటికి తోసిన గాలిని తిరిగి దాని నోటి దగ్గరికే చేర్చే అడ్డదారి అది. ఆ దారిని తెరిచి మూసే తలుపు బైపాస్ వాల్వు.

కారు పికప్ పెంచుకోవాలనుకునేవారి కళ్లు ముందుగా పడే భాగాల్లో ఇదొకటి. బూస్ట్ కారిపోయే చిల్లుగా దీన్ని చూసి, మూసేస్తే బలం పెరుగుతుందనుకోవడం తరచూ జరిగే పొరపాటు. నిజానికి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిన క్షణాన మంచి బైపాస్ పూర్తిగా మూసుకునే ఉంటుంది. అక్కడ మూయడానికి మిగిలేది ఏమీ లేదు. మార్చదగినది ఆ తలుపు ఎప్పుడు మూసుకోవాలి, ఎంత వేగంగా మూసుకోవాలి, ఎంత గాలిని వదలాలి అన్నదే.

బ్లోయర్ దారిలో కొన్ని మజిలీలు

1860లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం కానర్స్‌విల్‌కు చెందిన రూట్స్ సోదరులు ఒకదానికొకటి ఎదురుగా తిరిగే రెండు రోటర్ల గాలి పంపుకు పేటెంట్ పొందారు. కొలుములకూ గనులకూ గాలి తోలడానికి అది పనికొచ్చింది. ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే ఆలోచనకు 1885లో జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్ పేటెంట్ తీసుకున్నాడు. 1921లో మెర్సిడెస్ సంస్థ సూపర్‌చార్జర్ ఉన్న కార్లను బెర్లిన్ ప్రదర్శనలో పెట్టింది.

అక్కర్లేని గాలిని ఏం చేయాలన్న ప్రశ్న అప్పుడే మొదలైంది. నాటి మెర్సిడెస్ కార్లలో బ్లోయర్ ఎప్పుడూ తిరిగేది కాదు. డ్రైవరు పెడల్‌ను అడుగంటా తొక్కితే క్లచ్ పట్టుకుని అది తిరగడం మొదలయ్యేది. 1929 నాటి బెంట్లీ బ్లోయర్ కారులో క్రాంక్‌షాఫ్ట్ ముందుకొసకు పంపును నేరుగా బిగించారు కనుక అది ఇంజన్‌తోపాటు ఎప్పుడూ తిరిగేది. 1980లలో టయోటా తన 4ఎ-జీజెడ్‌ఈ ఇంజన్‌లో విద్యుదయస్కాంత క్లచ్‌ను, బైపాస్ వాల్వును కలిపి వాడింది. 1989లో ఫోర్డ్ థండర్‌బర్డ్ సూపర్ కూపే కారు ఈటన్ ఎం90 బ్లోయర్‌తో వచ్చింది. క్లచ్ లేకుండా, ఎప్పుడూ తిరిగే బ్లోయర్‌కు వాక్యూమ్‌తో పనిచేసే బైపాస్ తోడైన ఏర్పాటు ఆ తర్వాత అనేక కార్లకు నమూనా అయింది.

ఒక కారు లెక్క

2001 చివర్లో వచ్చి 2006 దాకా నడిచిన మినీ కూపర్ ఎస్ కారును ఉదాహరణగా తీసుకుంటే విషయం తేలిగ్గా పట్టుబడుతుంది. అభిమానులు దీన్ని ఆర్53 అని పిలుస్తారు. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో ఈ కారు తయారైంది, ఇంజన్ బ్రెజిల్ నుంచి వచ్చేది. ఇంజన్ పరిమాణం 1598 సీసీ, మొదట్లో శక్తి 163 హార్స్‌పవర్. దానికి బిగించింది ఈటన్ ఎం45 బ్లోయర్. పేరులోని 45 అన్నది ఘనపు అంగుళాల లెక్క. బ్లోయర్ ఒక్కసారి తిరిగితే దాదాపు 0.74 లీటర్ల గాలిని అవతలికి నెడుతుంది.

నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి తన మొత్తం పరిమాణమంత గాలిని పీలుస్తుంది. అంటే 1.6 లీటర్ల ఇంజన్ ఒక చుట్టుకు 0.8 లీటరు పీలుస్తుంది. అదే చుట్టులో బ్లోయర్ దాదాపు రెండుసార్లు తిరిగి ఒకటిన్నర లీటరు దాకా తోస్తుంది. రోటర్ల సందుల్లోంచి వెనక్కి జారేది పోను మిగిలినదంతా ఇంజన్ ముందు ఇరుక్కుని ఒత్తిడిగా మారుతుంది. ఈ కారులో పూర్తి బూస్ట్ సుమారు 0.8 బార్.

ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరిగినా 6000 చుట్లు తిరిగినా ఈ నిష్పత్తి పెద్దగా మారదు. రూట్స్ తరహా పంపు బలమూ ఇదే, ఇబ్బందీ ఇదే. తక్కువ వేగంలోనే బూస్ట్ చేతికందుతుంది కనుక, పొగ బలంతో పంపు తిరిగే టర్బో కార్లలో కనిపించే జాప్యం ఇక్కడ ఉండదు. అదే సమయంలో, వద్దనుకున్నప్పుడు కూడా పంపు తోస్తూనే ఉంటుంది. ఈ మినీలో బ్లోయర్‌ను ఆపడం అసలే కుదరదు. ఇంజన్‌ను చల్లబరిచే నీటి పంపుకు చలనం బ్లోయర్ నుంచే వస్తుంది. అందుకే ఇందులో బైపాస్ తప్పనిసరి.

తలుపు ఎలా తెరుచుకుంటుంది

ఈటన్ తరహా ఏర్పాట్లలో గాలి ఫిల్టరు, తర్వాత థ్రోటిల్, తర్వాత బ్లోయర్, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, చివరికి సిలిండర్లకు గాలిని పంచే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ వరుసగా ఉంటాయి. యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే పలకే థ్రోటిల్. బైపాస్ దారి బ్లోయర్ అవతలి వైపు నుంచి బయల్దేరి, థ్రోటిల్‌కూ బ్లోయర్‌కూ నడుమ వచ్చి కలుస్తుంది. ఆ దారిలో గుండ్రటి చిన్న పలక ఉంటుంది. దాన్ని తిప్పే కడ్డీ ఒక డబ్బాలోని రబ్బరు డయాఫ్రానికి తగిలి ఉంటుంది. డయాఫ్రానికి ఒక పక్క స్ప్రింగు, ఇంకో చోట సన్నటి వాక్యూమ్ పైపు.

ఇంజన్ ఆగి ఉన్నప్పుడు స్ప్రింగు పలకను మూసి ఉంచుతుంది. స్టార్ట్ కాగానే థ్రోటిల్ దాదాపు మూసి ఉంటుంది కనుక లోపల వాక్యూమ్ ఏర్పడి, డయాఫ్రం స్ప్రింగును లాగి, పలక తెరుచుకుంటుంది. ఇప్పుడు బ్లోయర్‌కు ఇరుపక్కలా ఒత్తిడి దాదాపు సమానం. గాలి చుట్టూ తిరిగి వస్తుంటుంది, రోటర్లు దాన్ని అటూ ఇటూ కలుపుతాయి తప్ప నొక్కవు. బెల్టు మీద భారం నామమాత్రం. యాక్సిలరేటర్ లోతుగా తొక్కితే వాక్యూమ్ పోతుంది, స్ప్రింగు గెలుస్తుంది, పలక మూసుకుంటుంది, బూస్ట్ పుంజుకుంటుంది. కాలు తీసేస్తే మళ్లీ తెరుచుకుని మిగిలిన ఒత్తిడిని క్షణంలో దించేస్తుంది.

టర్బో కార్లలో ఉండే వేస్ట్‌గేట్, బ్లో ఆఫ్ వాల్వులు దీనికి దూరపు చుట్టాలే. వేస్ట్‌గేట్ పొగ గొట్టం వైపు ఉండి టర్బో వేగాన్ని అదుపు చేస్తుంది. బ్లో ఆఫ్ వాల్వు థ్రోటిల్ టక్కున మూసుకున్నప్పుడు ఇరుక్కున్న గాలిని వదులుతుంది. బూస్ట్ బైపాస్ పని వీటికంటే నిరంతరమైనది. మామూలు వాడకంలో అది తెరిచి ఉండే సమయమే ఎక్కువ.

వేడి లెక్క

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. 30 డిగ్రీల గాలిని 0.8 బార్ బూస్ట్‌కు, అంటే 1.8 రెట్ల ఒత్తిడికి నొక్కితే, ఏ నష్టమూ లేని ఆదర్శ పంపులో కూడా అది సుమారు 85 డిగ్రీలకు చేరుతుంది. పాత తరం రూట్స్ పంపు సామర్థ్యం 60 శాతం అనుకుంటే బయటికొచ్చే గాలి 120 డిగ్రీలు దాటుతుంది. అదే లెక్కలో, మన ఎండాకాలపు 42 డిగ్రీల గాలితో మొదలుపెడితే 140 దగ్గరికి పోతుంది. ఇంటర్‌కూలర్ కొంత చల్లబరుస్తుంది గానీ, గాలి ఎంత వేడిగా సిలిండర్‌కు చేరితే ఇంధనం వేళకు ముందే తనంతట తాను భగ్గుమనే ప్రమాదం అంత పెరుగుతుంది. దీన్నే నాకింగ్ అంటారు. అది ముదిరితే పిస్టన్లు చితికిపోతాయి.

ఈ వేడి పెరుగుదల ఒత్తిడి మొత్తాన్ని బట్టి కాక, పంపుకు ఇరుపక్కలా ఉన్న ఒత్తిళ్ల నిష్పత్తిని బట్టి ఉంటుంది. బైపాస్‌ను మూసేస్తే ఆ నిష్పత్తి మెల్లగా పోతున్నప్పుడు కూడా దాదాపు 1.8 గానే నిలుస్తుంది. మ్యానిఫోల్డ్‌లో బూస్ట్ గేజి సున్నాకు కిందే చూపిస్తున్నా, థ్రోటిల్‌కూ బ్లోయర్‌కూ మధ్య అంతకంటే లోతైన వాక్యూమ్ ఉంటుంది. పంపు ఆ పలుచటి గాలినే నొక్కుతూ, వేడి చేస్తూ పోతుంది. బూస్ట్ లేదు కదా, నష్టమేముంది అనుకోవడంలోని పొరపాటు ఇక్కడే ఉంది.

మార్పు ఎందుకు కోరుకుంటారు

బైపాస్ జోలికి వెళ్లడానికి కారణాలు ముఖ్యంగా నాలుగు. మొదటిది జాప్యం. పెడల్ సగం తొక్కినా పలక పూర్తిగా మూసుకోక, బూస్ట్ ఆలస్యంగా అందుతుంది. రెండోది కుదుపు. తేలికపాటి యాక్సిలరేటర్ దగ్గర కారు ముందుకు దూకి, వెనక్కి తగ్గి, మళ్లీ దూకుతుంది. ఆర్53 యజమానులు దీనికి యోయో అని పేరు పెట్టుకున్నారు. మూడోది పుల్లీ, అంటే బ్లోయర్‌ను తిప్పే బెల్టు చక్రం మార్పు. ఆ కారుకు 15, 17, 19 శాతం చిన్న పుల్లీలు బిగించి బ్లోయర్‌ను ఇంకా వేగంగా తిప్పడం మామూలే. అప్పుడు తిరుగుదారిలో పోవలసిన గాలి పెరిగి, పాత దారి ఇరుకవుతుంది. నాలుగోది చప్పుడు. బైపాస్ తెరుచుకుంటే బ్లోయర్ కూత తగ్గుతుంది. ఆ కూత ఎప్పుడూ వినాలని కోరేవారూ ఉంటారు.

వీటిలో రెండోదాని మూలం తెలుసుకుంటే మిగతా మార్పులన్నీ అర్థమవుతాయి. వాక్యూమ్ పైపు ఎక్కడినుంచి సంకేతం తీసుకుంటుందన్నది కార్లను బట్టి మారుతుంది. పలక తెరిచి ఉన్నంతసేపు బ్లోయర్‌కు ఇటుపక్కా అటుపక్కా ఒకే వాక్యూమ్ ఉంటుంది కనుక ఎక్కడినుంచి తీసుకున్నా ఒకటే. పలక మూసుకోవడం మొదలవగానే రెండు పక్కల ఒత్తిళ్లూ వేరవుతాయి. సంకేతం మ్యానిఫోల్డ్ నుంచి వస్తుంటే, పలక కాస్త మూసుకోగానే అక్కడ ఒత్తిడి పెరిగి, వాక్యూమ్ ఇంకా తగ్గి, పలక మరింత మూసుకుంటుంది. తలుపు దభాలున పడుతుంది, బలం ఒక్కసారిగా వస్తుంది. సంకేతం బ్లోయర్ ముందునుంచి వస్తుంటే, పలక మూసుకునేకొద్దీ బ్లోయర్ గట్టిగా పీల్చి అక్కడ వాక్యూమ్ పెంచుతుంది. అది పలకను తిరిగి తెరవజూస్తుంది. మార్పు మెత్తగా ఉంటుంది గానీ, పలక ఇరుసు అరిగి పట్టేస్తుంటే తెరుచుకుంటూ మూసుకుంటూ ఊగిసలాడుతుంది. కాబట్టి పైపును ఒకచోట పీకి ఇంకోచోట తగిలించడం చిన్న పనిలా కనబడినా కారు నడక తీరునే మార్చేస్తుంది.

ముందు పరీక్ష, తర్వాత మార్పు

బూస్ట్ తక్కువగా ఉందనిపించినప్పుడు అన్నిసార్లూ మార్పే అవసరం కాదు. చాలావరకు బాగుచేయడమే చాలు. ఏళ్లు గడిచిన కార్లలో రబ్బరు పైపులు పగుళ్లిస్తాయి, డయాఫ్రం చిరుగుతుంది, పలక అంచుకు నూనె మడ్డి పేరుకుని పూర్తిగా మూసుకోదు.

పరీక్షలు తేలికైనవే. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు పలక కడ్డీ మూసిన స్థితిలో ఉండాలి. స్టార్ట్ చేయగానే లాగబడి తెరుచుకోవాలి. యాక్సిలరేటర్‌ను ఒక్కసారి గట్టిగా రేపితే కడ్డీ కదిలి, వెంటనే తిరిగి రావాలి. తర్వాత పైపు ఊడదీసి చేతి వాక్యూమ్ పంపు తగిలించి లాగితే కడ్డీ కదిలి అక్కడే నిలవాలి. నెమ్మదిగా జారిపోతుంటే డయాఫ్రం కారుతున్నట్టు. కడ్డీని చేత్తో కదిపితే ఎక్కడా పట్టేయకూడదు, ఇరుసు దగ్గర వదులుగా ఆడకూడదు. బెల్టు జారుతోందేమో, ఇంటర్‌కూలర్ రబ్బర్ల దగ్గర గాలి పోతోందేమో కూడా చూడాలి. వీటిలో ఏది తేడాగా ఉన్నా దాన్ని సరిచేశాకే మార్పు సంగతి ఆలోచించాలి. కారుతున్న వాల్వుకు గట్టి స్ప్రింగు వేస్తే లోపం దాగుతుంది తప్ప తీరదు.

మార్పుల్లో రకాలు

అన్నిటికంటే చిన్న మార్పు స్ప్రింగుది. గట్టి స్ప్రింగును లొంగదీసి పలకను తెరిచి ఉంచాలంటే ఎక్కువ వాక్యూమ్ కావాలి. అంటే పెడల్ తొక్కుతున్నప్పుడు పలక ముందుగానే మూసుకుంటుంది. ఉదాహరణకు పాత స్ప్రింగుతో 6 అంగుళాల పాదరసం వాక్యూమ్ దగ్గర మూసుకోవడం మొదలైతే, గట్టి స్ప్రింగుతో 10 దగ్గరే మొదలవుతుంది అనుకుందాం. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ ఐడిల్‌లో 18 అంగుళాల దరిదాపుల్లో వాక్యూమ్ ఇస్తుంది కనుక కారు నిలిచి ఇంజన్ తిరుగుతున్నప్పుడు పలక తెరిచే ఉంటుంది. సగం పెడల్ దగ్గర స్పందన చురుగ్గా ఉంటుంది. అయితే హైవే మీద సాగే వేగంలో కూడా పలక అరమూతగా ఉండిపోతే, సన్నటి సందులోంచి తిరిగొచ్చే గాలిని పంపు మళ్లీ మళ్లీ నొక్కి వేడెక్కిస్తుంది, పెట్రోలు ఖర్చు పెరుగుతుంది. స్ప్రింగు మార్పు మంచిదో కాదో తేల్చేది పూర్తి వేగం కాదు, ఈ నిలకడ ప్రయాణమే.

రెండోది కడ్డీ పొడవు, ఆగుడు స్క్రూ సర్దుబాటు. పలక ఎంతవరకు మూసుకోవాలో ఈ స్క్రూ నిర్ణయిస్తుంది. సరిగా ఉంటే పలక గొట్టం గోడను తాకీ తాకనట్టు ఆగుతుంది. మరీ బిగిస్తే గోడలో ఇరుక్కుని తెరుచుకోవడానికి మొరాయిస్తుంది. వదులుగా ఉంటే సందు మిగిలి బూస్ట్ పోతుంది.

మూడోది వాక్యూమ్ పైపులో ఇరుకు పెట్టడం. సన్నటి రంధ్రం ఉన్న చిన్న ముక్కను పైపులో దూరిస్తే డయాఫ్రం కదలిక నెమ్మదించి కుదుపు తగ్గుతుంది. ఇక్కడొక జాగ్రత్త ఉంది. మూసుకోవడం కాస్త నిదానమైనా ఫర్వాలేదు. తెరుచుకోవడం మాత్రం ఆలస్యం కాకూడదు. కాలు తీయగానే ఒత్తిడి దిగకపోతే కారు ఇంకా ముందుకు లాగుతుంది. అందుకే ఇరుకు పక్కనే ఒకవైపు మాత్రమే గాలిని వదిలే చిన్న వాల్వు కూడా పెడతారు. తెరుచుకోవాలంటే డయాఫ్రం డబ్బాలోంచి గాలి బయటికి పోవాలి, అది ఆ వాల్వు గుండా వెంటనే పోతుంది. మూసుకోవాలంటే గాలి లోపలికి రావాలి, అది ఇరుకులోంచి నిదానంగా వస్తుంది. ఈ పనుల్లో బ్రేకు బూస్టరుకు వెళ్లే పైపును మాత్రం తాకకూడదు. దానికి టీ ముక్క తగిలించి వాక్యూమ్ తీసుకుంటే, అక్కడ గాలి చొరబడిన రోజున బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడుతుంది.

నాలుగోది వాల్వును కంప్యూటర్ చేతికి అప్పగించడం. వాక్యూమ్ పైపు మధ్యలో సోలినాయిడ్ అనే విద్యుత్ వాల్వు పెట్టి, ఇంజన్ కంట్రోల్ యూనిట్ దాన్ని సెకనుకు అనేకసార్లు తెరిచి మూస్తే, పలకను ఏ స్థానంలోనైనా నిలపవచ్చు. కంపెనీ కార్లలోనూ ఈ బాట ఉంది. 2005లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ 1.4 లీటర్ల ట్విన్‌చార్జర్ ఇంజన్‌లో బ్లోయర్‌కు క్లచ్‌తోపాటు విద్యుత్తుతో తిరిగే నియంత్రణ పలక కూడా ఉంది. వేగం పెరిగి టర్బో పుంజుకున్నాక పలక తెరుచుకుంటుంది, బ్లోయర్ పక్కకు తప్పుకుంటుంది. మార్పు చేసేవారు గుర్తుంచుకోవలసినది ఒకటే. వైరు తెగినా, ఫ్యూజు పోయినా పలక తెరుచుకునే వైపే పోవాలి. బలం తగ్గిన కారు ఇంటికి చేరుతుంది, బూస్ట్ ఆగని కారు చేరకపోవచ్చు.

ఐదోది పెద్ద వాల్వు. చిన్న పుల్లీ వేసినప్పుడో, పెద్ద బ్లోయర్ బిగించినప్పుడో ఇదే అసలైన అవసరం. పలక పూర్తిగా తెరిచినా గొట్టం ఇరుకైతే బ్లోయర్ అవతల ఒత్తిడి మిగిలిపోతుంది. ఆ పోగు వేడిగా మారుతుంది. పెద్ద పలక, వంపులు తక్కువగా ఉన్న దారి పెడితే నిలకడ వేగంలో గాలి వేడి తగ్గుతుంది, ఆ తర్వాత పెడల్ తొక్కినప్పుడు చల్లటి గాలితో మొదలవుతుంది. బలాన్ని కోరేవారికి దారిని మూయడం కంటే వెడల్పు చేయడమే లాభసాటి.

చివరిది పూర్తిగా మూసేయడం. నేరుగా పావుమైలు పరిగెత్తే డ్రాగ్ రేసు కారుకు నిలకడ ప్రయాణమే లేదు కనుక అక్కడ అది చెల్లుతుంది. రోడ్డు కారులో ఎప్పుడూ భారం మోసే బెల్టు, బేరింగులు త్వరగా అరుగుతాయి. రోటర్ల మధ్య సందులు చాలా సన్నవి. వేడికి అవి వ్యాకోచించి పై పూత రాసుకుపోతుంది. బ్లోయర్ ముందు ఏర్పడే లోతైన వాక్యూమ్ సీళ్లను దాటించి నూనెను లోపలికి లాగే అవకాశమూ ఉంది. వీటన్నిటికీ ప్రతిఫలంగా పూర్తి పెడల్ దగ్గర దక్కే అదనపు బలం సున్నా.

థ్రోటిల్ ఎక్కడుందన్నది కీలకం

ఇప్పటిదాకా చెప్పినది థ్రోటిల్ బ్లోయర్‌కు ముందున్న కార్ల గురించి. వెనక ఉన్న కార్లలో కథ మారుతుంది. 1988లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ కొరాడో జీ60 అందుకు మంచి ఉదాహరణ. 1.8 లీటర్లు, 160 హార్స్‌పవర్. అందులో రూట్స్ పంపు బదులు జీ అక్షరంలా చుట్టలు తిరిగిన జీ-లాడర్ ఉంటుంది. ఫ్రాన్స్‌కు చెందిన లియోన్ క్రూ 1905లో పేటెంట్ పొందిన సర్పిలాకార యంత్రం దీనికి మూలం. ఈ కారులో గాలి పంపు, ఇంటర్‌కూలర్ దాటాకే థ్రోటిల్‌కు చేరుతుంది. డ్రైవరు కాలు తీస్తే, మూసిన పలక మీదికి పంపు తోస్తూనే ఉంటుంది. థ్రోటిల్‌తో ముడిపడిన మరో పలక అప్పుడు తెరుచుకుని ఆ గాలిని ఫిల్టరు పెట్టెలోకి తిప్పి పంపుతుంది.

ఒకసారి వేడెక్కిన గాలి ఫిల్టరు పెట్టెలో కలిసి మళ్లీ పంపులోకి రావడం ఈ ఏర్పాటులోని లోటు. అందుకే ఆ తిరుగు గొట్టాన్ని తీసేయడం ఈ కారు ప్రేమికుల్లో పాత ఆనవాయితీ. కానీ తీసేసి ఊరుకోకూడదు. గాలికి బయటికైనా దారి చూపాలి. లేకపోతే కాలు తీసిన ప్రతిసారీ ఒత్తిడి ఎగదన్ని గొట్టాలు ఊడతాయి, బెల్టు జారుతుంది, సున్నితమైన జీ-లాడర్ దెబ్బతింటుంది. వేగంగా తిరిగే చక్రంతో గాలిని విసిరే సెంట్రిఫ్యూగల్ బ్లోయర్లలోనూ ఇదే ముప్పు. ముందుకు పోయే దారి లేక గాలి చక్రం మీదుగా వెనక్కి ఎగదన్నుతుంది.

గాలిని బయటికి వదలవచ్చా అన్నది ఇంజన్ గాలిని కొలిచే తీరును బట్టి ఉంటుంది. ఒత్తిడిని చూసి లెక్కగట్టే ఇంజన్లలో ఇబ్బంది లేదు. ఫిల్టరు దగ్గరే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్‌తో కొలిచే కార్లలో, కొలిచిన గాలి బయటికి పోతే, లేని గాలికి కంప్యూటర్ పెట్రోలు పోస్తుంది. మిశ్రమం చిక్కబడి, నల్లపొగ వచ్చి, పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది. అలాంటి కార్లలో గాలి సెన్సర్ దాటిన చోటికే తిరిగి చేరాలి.

మార్చాక కొలవాల్సినవి

మార్పు ఫలించిందని చెవి చెప్పదు, కొలతలే చెప్పాలి. బూస్ట్ గేజి ఒకటి మ్యానిఫోల్డ్‌కూ, వీలైతే మరొకటి బ్లోయర్ ముందుకూ తగిలిస్తే, పలక ఎక్కడ మూసుకుంటోందో రెండు ముళ్ల మధ్య తేడాయే చూపుతుంది. నిలకడ వేగంలో రెండూ దగ్గరగా ఉండాలి. సిలిండర్లకు వెళ్లే గాలి ఉష్ణోగ్రతను మార్పుకు ముందూ తర్వాతా ఒకే దారిలో, ఒకే వేళకు నమోదు చేసి పోల్చాలి. వైడ్‌బ్యాండ్ సెన్సర్‌తో గాలి, పెట్రోలు నిష్పత్తిని చూడాలి. మెల్లగా పోతున్నప్పుడు మామూలు పెట్రోలుకు 14.7కు దగ్గరగానూ, పూర్తి బూస్ట్‌లో 12కు అటూ ఇటూ ఉండడం పరిపాటి. నాకింగ్ సెన్సర్ స్పార్కును ఎన్ని డిగ్రీలు వెనక్కి జరుపుతోందో కూడా చూడాలి. బూస్ట్ పెరిగినట్టు గేజి చూపిస్తూ స్పార్కు వెనక్కి పోతుంటే పెరిగింది బలం కాదు, వేడి.

చట్టం

భారతదేశంలో సూపర్‌చార్జర్ కార్లు కొద్దిగానే తిరుగుతున్నాయి. మెర్సిడెస్ కంప్రెసర్ మోడళ్లు, కొన్ని రేంజ్ రోవర్లు, టర్బోనూ బ్లోయర్‌నూ కలిపి వాడిన కొన్ని వోల్వో ఎక్స్‌సీ90లు వంటివి ఆ కోవలోవి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన, రిజిస్ట్రేషన్‌లో నమోదైన వివరాలతో పొసగని మార్పులు వాహనానికి చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే సంగతిని స్పష్టం చేసింది. పాడైన వాల్వును అదే రకంతో మార్చడం మరమ్మతు. ఇంజన్ స్వభావాన్ని మార్చేది వేరు లెక్క. అమెరికాలో స్వచ్ఛ వాయు చట్టం పొగ నియంత్రణ ఏర్పాట్లను చెడగొట్టే మార్పులను నిషేధిస్తుంది. కాలిఫోర్నియాలో అలాంటి విడిభాగానికి అక్కడి వాయు వనరుల మండలి ఇచ్చే అనుమతి సంఖ్య ఉందో లేదో కొనేముందే చూసుకోవాలి.

పని వరుస

ముందు పైపులు, డయాఫ్రం, పలక, బెల్టు సరిచూసి పాత ఏర్పాటును కొత్తదానిలా పనిచేయించాలి. అప్పటికీ జాప్యం ఉంటే స్ప్రింగు, కుదుపు ఉంటే ఇరుకు ముక్కతోపాటు ఒకవైపు వాల్వు, పుల్లీ మారిస్తే పెద్ద బైపాస్ దారి. ఒకసారికి ఒకే మార్పు చేసి, కొలిచి, ఆ తర్వాతే రెండోదానికి పోవాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది మేలు చేసిందో, ఏది చెరుపు చేసిందో తేలదు. ప్రతి దశలోనూ పాత స్ప్రింగు, పాత పైపు దాచి ఉంచుకోవాలి. గాలి వేడి పెరిగినా, కాలు తీసినప్పుడు బూస్ట్ దిగడం ఆలస్యమైనా వెంటనే వాటినే తిరిగి బిగించాలి.